దొడ్డిదారిన వచ్చిన మాటలు

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక ఫార్వర్డ్ తిరిగింది. మన మాటల్లో ఆవు ఎన్నిచోట్ల దాక్కుని ఉందో చెప్పే జాబితా. గోత్రం, గోష్ఠి, గవేషణ, గోధూళి, గవాక్షం, గోప్యం అంటూ పాతిక దాకా ఉన్నాయి. చివరికొచ్చేసరికి రాసినాయన ఊపు ఆపుకోలేక గోడ, గోరు, గోంగూర కూడా కలిపేశాడు. గోంగూర ఆవు తినే కూరట. మా పిన్ని రెండు దండాలు పెట్టింది. బాబాయి "మన పూర్వీకులు సామాన్యులు కాదు" అన్నాడు. పెళ్లిళ్ల సీజన్లో గ్రూపులో గొడవెందుకని నేనేమీ అనలేదు. అనాల్సింది ఇక్కడ అంటాను.

గోంగూర సంగతి వదిలేస్తే జాబితాలో చాలావరకు నిజమే. గోష్ఠం అంటే ఆవులు నిలిచే చోటు. అక్కడ నలుగురూ చేరి మాట్లాడుకుంటే గోష్ఠి అయింది. ఇవాళ ఏసీ హాల్లో శాలువాలు కప్పుకుని చేసుకునేదీ అదే. గవేషణ అంటే మొదట ఆవుల కోసం వెతకడం. గోచరం అంటే ఆవులు తిరిగి మేసే మేర. తర్వాత అది కంటికీ చెవికీ అందే మేర అయింది. ఋగ్వేదంలో పోరుకు వాడిన మాటల్లో గవిష్టి ఒకటి, ఆవులు కావాలనుకోవడమని దాని అర్థం. వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది గోప్యం. వ్యాకరణం దీనికి 'గుప్' (కాపాడటం, దాచడం) అనే ధాతువు చూపిస్తుంది. భాషాశాస్త్రం చదివినవాళ్లు దాన్ని తిరగేసి, ముందు ఉన్నది గోప, అంటే ఆవుల్ని కాచేవాడు, ధాతువును దాన్లోంచి తర్వాత తీసుకున్నారు అంటారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. మర్నాడు తెలుగు పేపర్ల మొదటి పేజీల్లో పశువులకాపరి ఉన్నాడు, ఎవరి కంటా పడకుండా.

జాబితాలో దుహిత కూడా ఉంది. పాలు పితికేది కాబట్టి కూతురు దుహిత అయిందట. వేదాల్లోని మాటలకు అర్థాలు చెప్పిన యాస్కుడు తన నిరుక్తంలో ఈ మాటకు ఒకటి కాదు, మూడు దారులు చూపించాడు: ఆమెకు మేలు చేయడం కష్టం, దూరాన ఉంటేనే మేలు, లేదా పిండుకునేది. పందొమ్మిదో శతాబ్దపు యూరపు పండితులకు ఆ చివరిది భలే నచ్చి, ఆర్యుల ఇళ్లలో పాలు పితికే అమ్మాయిల బొమ్మ ఒకటి గీసుకున్నారు. ఇప్పటివాళ్లకు దానిమీద అంత నమ్మకం లేదు. ఆ మూడింట్లో ఏది నిజమైనా కూతురు సంబరపడేదేమీ లేదనుకోండి.

నా పేచీ ఆ జాబితాలోని తప్పులతో కాదు. అది సంస్కృతం దగ్గరే ఆగిపోయింది, అదీ పేచీ. ఆ మాటలు మనదాకా వచ్చేసరికే వాటిలో పశువు లేదు. కడిగి, తుడిచి, ఇస్త్రీ చేసి మనకిచ్చారు. తెలుగువాళ్ల కొట్టాల్లో, సావిళ్లలో పుట్టి, ఇవాళ్టికీ మనం రోజుకు పదిసార్లు వాడే మాటల్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. పేడకంపు ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది. వాటిని దగ్గరికి తీసుకుని చూస్తే పూర్వీకుల గొప్పకంటే వాళ్ల చేతిలోని తాడు ఎక్కువ కనిపిస్తుంది. పశువుల మధ్య పుట్టిన మాటలు మనకు వేలల్లో ఉండేవి. ఊరు దాటి, కొట్టం దాటి నిలిచినవాటిలో ఎక్కువ భాగం సాటి మనిషి మీద వాడటానికి పనికొచ్చినవే. ఇది నా అభిప్రాయం. దీనికి ఎదురు తిరిగే మాటలూ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ముందు దొడ్డి

దొడ్డి అంటే పశువుల్ని తోలి ఉంచే ఆవరణ. కన్నడంలోనూ అంతే. మన ఇళ్లలో అది ఇంటి వెనక ఉండేది కాబట్టి పెరడు కూడా దొడ్డే అయింది. పెరట్లోకి వెళ్లడమంటే ఇంకో పనికి వెళ్లడం కాబట్టి 'దొడ్డికి వెళ్లడం' వచ్చింది. దానికి నాలుగు గోడలూ తలుపూ పెడితే మరుగుదొడ్డి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలయ్యాక ప్రభుత్వ కాగితాల్లో 'వ్యక్తిగత మరుగుదొడ్లు' అన్న మాట ఎన్ని లక్షలసార్లు అచ్చయిందో. అక్షరాలా చూస్తే మనిషికొక చాటైన పశువుల ఆవరణ.

దొడ్డిదారి సంగతి ఇంకా ఉంది. దొడ్డిదారిన ఉద్యోగం, దొడ్డిదారిన పదోన్నతి, శాసనసభకు గెలవలేక దొడ్డిదారిన మండలికి. అందరూ వాడతాం, నేనూ వాడతాను. కానీ ఆ దారిలో నడిచిందెవరు? మా తాతగారింట్లో వీధి గుమ్మానికి పసుపు, కుంకుమ, మామిడాకు. వెనక సందులోంచి గేదెలు వచ్చేవి, పేడ ఎత్తే ఆమె వచ్చేది, పాలేరు వచ్చేవాడు, బట్టలుతికే ఆమె వచ్చేది. వాళ్లెవరూ దొంగతనానికి రాలేదు. పొద్దున్నే ఆ సందు తెరవకపోతే ఇల్లు నడవదు. వీధి గుమ్మంలోంచి రావడానికి వీల్లేనివాళ్లకు మిగిలిన దారి అది. ఆ దారి పేరునే మనం అడ్డదారికి పెట్టుకున్నాం. పేరు పెట్టినవాడు ఏ గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

బందెలదొడ్డి గుర్తుందా? బ్రిటిషువాళ్లు 1871లో పశువుల అక్రమ ప్రవేశ చట్టం తెచ్చారు. చేలో పడ్డ పశువును పట్టి బందెలదొడ్డికి తోలొచ్చు. యజమాని జరిమానా కట్టి, దాన్ని మేపిన ఖర్చు కూడా కట్టి విడిపించుకోవాలి. మా ఊళ్లో అది పంచాయతీ ఆఫీసు వెనక ఉండేది. నడుమెత్తు రాతిగోడ, తుప్పు పట్టిన ఇనుప గేటు, లోపల ఒక వేపచెట్టు. మా చుక్కగేదె ఎవరిదో జొన్నచేలో పడితే నాయనమ్మ నా చేతికి డబ్బులిచ్చి పంపింది. కాపలా ఆయన జరిమానా రాసుకుని, "దీని మేత ఖర్చు?" అన్నాడు. దాని ముందు మేత పడ్డ జాడే లేదు. అడగడానికి నాకు నోరు రాలేదు, గేదెకు ఎలాగూ రాదు. ఆ గోడ ఇప్పుడు లేదు. మాట మాత్రం ఉంది: ఇరుకు హాస్టళ్లని, రద్దీ వార్డుల్ని, జనాన్ని కుక్కిన శిబిరాల్ని బందెలదొడ్డి అంటాం. పశువుల కోసం కట్టింది మనుషులకు మిగిలింది.

తాళ్లూ కొయ్యలూ

"అందరినీ ఒకే గాటన కట్టకండి." చర్చల్లో, ఫేస్‌బుక్ కామెంట్లలో రోజూ వినపడే మాట. గాడి అంటే పశువులకు మేత వేసే పొడుగాటి తొట్టి. గాటిపాట అంటే అవి వరసగా కట్టి ఉండే తావు. ఒకే గాటన కట్టడమంటే పాలిచ్చే గేదెనీ, ముసలి ఎద్దునీ, పొడిచే కోడెనీ ఒకే వరసలో కట్టెయ్యడం. పశువుల సంగతి తెలిసినవాడు అలా కట్టడు. పొడిచేదాన్ని చివర కడతాడు, దూడల్ని విడిగా కడతాడు. కాబట్టి ఈ మాట అన్న మొదటివాడు పని తెలిసినవాడే. మరి 'గాడి తప్పింది', 'గాడిలో పడింది' అన్నప్పటి గాడి కూడా ఇదేనా? కొందరు అవునంటారు. నాకది బండిచక్రం నేలమీద చేసే గాడి అనిపిస్తుంది. మేత తొట్టిలో పడటం ఎవరికీ బాగుపడటం కాదు కదా.

గుదిబండ ఇంకా చిత్రం. కంచె దూకి చేలమీద పడే అలవాటున్న గొడ్డు మెడకు ఒక బరువైన కొయ్య వేలాడదీసేవాళ్లు. గుదికర్ర అనీ గుదికొయ్య అనీ కూడా అంటారు. నెమ్మదిగా నడిస్తే ఏమీ కాదు. పరుగందుకుంటే కొయ్య ఊగి ముందరికాళ్ల మోకాళ్లకు తగులుతుంది. నేను చూసిన ఆవుకు రెండు మోకాళ్ల మీదా వెంట్రుక ఊడిపోయి చర్మం నల్లగా బండబారింది. అదే ఇప్పుడు పేపర్లవాళ్లకు ప్రాణం. గ్యాస్ సిలిండర్ ధర పెరిగిందంటే చాలు, 'బండ' దొరుకుతుంది, దానికి ముందు 'గుది' తగిలించి సామాన్యుడి మెడకు వేస్తారు. చమత్కారం బాగుంటుంది. కానీ గుదిబండ అసలు ఎవరికి వేసేవాళ్లు? ఇతరుల చేలో పడి మేసేదానికి. ఆ లెక్కన శీర్షికలో సామాన్యుడు దొంగగొడ్డు అవుతున్నాడు. అసలు చేను మేసినవాడి మెడకు ఏ శీర్షికా ఏమీ కట్టదు.

వాడి గురించి వేరే మాటలున్నాయి లెండి. మేశాడు, మేపాడు, గడ్డి తిన్నాడు. లంచానికి తెలుగులో మేతను మించిన మాట లేదు. 1996లో బీహార్ చాయిబాసా ఖజానాలో తవ్వకం మొదలై, లేని పశువుల పేరున కొనని మేతకు సుమారు 950 కోట్లు తీసేశారని తేలినప్పుడు మన పేపర్లు 'దాణా కుంభకోణం' అన్నాయి. ఉపమానం అక్కర్లేకుండా పోయిన ఏకైక కుంభకోణం అదేనేమో.

ఇంకా ముకుతాడు, ముందరికాళ్లకు బంధం, చిక్కం, పగ్గాలు. ఎన్నికలైపోయిన మర్నాడు 'పార్టీ పగ్గాలు ఎవరికి?' అని అడగని పత్రిక లేదు. పగ్గాలంటూ ఉంటే రెండోకొసన ఎవరో ఉండాలి. ఆ ప్రశ్న వేసిన పత్రికనూ నేను చూడలేదు. అచ్చోసిన ఆంబోతు కూడా ఇక్కడిదే. చనిపోయినవాళ్ల పేరున ఒక కోడెకు కాల్చిన ముద్ర వేసి వదిలేసేవాళ్లు. దానికి తాడు లేదు, కాడి లేదు, ఎవరి చేలో మేసినా కొట్టకూడదు. ఊరంతట్లో స్వేచ్ఛగా తిరిగే పశువు అదొక్కటే. ఆ ఒక్కదాన్నీ తిట్టు చేశాం.

ఈ వరసలో ఎద్దు వైపు నుంచి వచ్చినట్టుండే మాట నాకు ఒకటే కనిపించింది: కాడి పారేయడం. నడి చాలులో మెడ దించేసి, ఇక నడవనని పడుకునే ఎద్దు. "పోటీకి ముందే కాడి కింద పడేశాడు" అంటే అందులో వెటకారం ఉంది, నిజమే. కానీ అలసటను ఒప్పుకున్న మాట కూడా అదే.

డాక్టరు మిత్రుడి అభ్యంతరం

ఇదంతా పశువైద్యుడైన ఒక మిత్రుడితో అంటే నవ్వాడు. "తాడు లేకుండా పశువుల్ని పెంచినవాడెవడు? ముకుతాడు లేని కోడె దగ్గరికి నువ్వెళ్లి చూడు. పనిముట్లు తాళ్లయితే మాటలూ తాళ్లే అవుతాయి" అన్నాడు. పైగా పగ్గం సంస్కృతంలోని ప్రగ్రహం నుంచి వచ్చిందనీ, అది రథం గుర్రాలకు కూడా వేసేదనీ, అంతా ఎద్దుల ఖాతాలో రాయొద్దనీ నాకే పాఠం చెప్పాడు. ఒప్పుకుంటాను. ఆయన అడిగిన ఇంకో ప్రశ్న గట్టిది: "నెమరుకేం చెప్తావు?"

నెమరు దగ్గర నా వాదం ఆగుతుంది. రాత్రిపూట కొట్టం పక్కన పడుకున్నవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. కడుపునిండా మేసి, ముందుకాళ్లు మడిచి పడుకుని, కళ్లు సగం మూసి. మెడ కింద ముద్ద పైకి జారడం కంటికి కనిపిస్తుంది, దవడ పక్కకు ఆడుతుంది, మళ్లీ మింగుతుంది, ఒక్క క్షణం ఆగి ఇంకో ముద్ద. జబ్బుపడ్డ పశువును చూడ్డానికి వస్తే డాక్టరు మొదట అడిగేది "నెమరేస్తోందా?" అనే. మనిషి జ్ఞాపకాలకు ఈ మాట పెట్టినవాడు పశువు పక్కన చేతిలో తాడు లేకుండా, పనేమీ లేకుండా కూర్చున్నవాడై ఉండాలి. బహుశా మధ్యాహ్నం చెట్టుకింద కాపరి. దీన్ని నా లెక్కలోకి లాగలేను, లాగను.

'నేల ఈనిందా అన్నట్టు' జనం వచ్చారనడం కూడా అలాంటిదే. అందులో ఎవరిమీదా పెత్తనం లేదు, సంబరమే ఉంది. వరి ఈనిక దశలో ఉందంటాం, వట్టిపోయిన బోరంటాం. కొట్టంలోని మాటలు చేలోకి నడిచి వెళ్లాయి. కోడె వయసు, కోడెకాడు కూడా ముచ్చటైన మాటలే. అయితే మగపిల్లాడికి కోడె దక్కినట్టు ఆడపిల్లకు పెయ్య ముచ్చటగా దక్కలేదు. ఆమెకు దక్కినవి వేరే ఉన్నాయి.

గొడ్డు

గొడ్డు అంటే పశువు. గొడ్డు అంటే ఈననిది కూడా. రెండూ ఒకే మాటా, కాదా అన్నది పండితులు తేల్చుకోవాల్సిన పంచాయితీ. గొడ్రాలు అని పిలిపించుకున్న మనిషికి ఆ పంచాయితీతో పనిలేదు. మా బంధువుల్లో ఒకావిడ ఎవరి శ్రీమంతానికైనా ముందురోజే వచ్చి అరిసెలు వండిపెట్టి, తీరా పేరంటం వేళకు వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఎవరూ రావద్దని అనలేదు. ఆ మాట ఒక్కసారి ఎప్పుడో ఎవరో అన్నారు, అంతే. ఈనితే లెక్కలో ఉంటుంది, లేకపోతే సంతకు వెళ్తుంది అనే పశువుల లెక్కను కోడలికి వేసిన మాట అది. ఇప్పుడు ప్రతి జిల్లా కేంద్రంలోనూ సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులున్నాయి. కొత్త మాట మెత్తగానే ఉంది, లెక్క మాత్రం పెద్దగా మారలేదు.

గొడ్డు చాకిరీ కూడా ఎక్కువగా ఆడవాళ్ల నోటే వింటాం, తమ గురించి తామే అనుకుంటూ.

మగవాళ్లకు 'పోతు' ఉంది. తిండిపోతు, తాగుబోతు, వాగుడుబోతు, తిరుగుబోతు, పొగరుబోతు. ఇది దున్నపోతులో, మేకపోతులో ఉన్న పోతేనని నా గట్టి అనుమానం. గమనించండి, చదువుబోతు లేడు, దానబోతు లేడు. మంచి గుణానికి ఈ తోక తగలదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ తొలిచేది బళ్లో విన్న మాట. లెక్క తప్పు చేస్తే, పద్యం మర్చిపోతే, "నీకు చదువెందుకురా, వెళ్లి గేదెలు కాసుకో." మీలో చాలామంది విన్నదే. మా తరగతిలో ఒక కుర్రాడు నిజంగానే పొద్దున గేదెల్ని తోలి, మేపి, చెరువులో కడిగి బడికి వచ్చేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా క్లాసంతా వాడివైపు తిరిగేది. వాడు పలక చూసుకునేవాడు. వాడికి తెలిసినవి మా మేష్టారికి తెలియవు: పళ్లు చూసి కోడె వయసు చెప్పేవాడు, చూడిగేదె ఇంకెన్నాళ్లకు ఈనుతుందో నడక చూసి చెప్పేవాడు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో ఇవాళ్టికీ రెండుపళ్ల విభాగం, నాలుగుపళ్ల విభాగం, ఆరుపళ్ల విభాగం అని మైకులో పిలుస్తారు. అక్కడ వాడి చదువు చదువే. ఒక వృత్తి పేరునే శిక్ష చేసి పిల్లల ముందు పెట్టిన భాషలో ఆ వృత్తి మాటలకు గౌరవం ఎక్కణ్ణించి వస్తుంది?

గొర్రెల సంగతి చూడండి. 2019 పశుగణనలో గొర్రెల్లో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, కోటీ 90 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్, కోటీ 76 లక్షలు. ఇన్ని గొర్రెలున్న భాషలో వాటినుంచి రోజువారీ మాటల్లోకి వచ్చిందేమిటి? 'వట్టి గొర్రె', 'గొర్రెల మంద', 'గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది'. అన్నీ దూరంనుంచి చూసినవాడి మాటలు. కురుమలో, గొల్లలో పేపర్లు నడిపి ఉంటే ఇంకేవో మాటలు పైకొచ్చేవి. చేలో మంద పెట్టించుకోవడానికి, అంటే రాత్రిళ్లు గొర్రెల్ని నిలిపి ఎరువు పట్టించుకోవడానికి, ఆసాములు వాళ్ల దగ్గరికి వెళ్లి బేరమాడాల్సి వచ్చేది. ఆ బేరంలోంచి ఒక్క జాతీయం కూడా మనదాకా రాలేదు.

సొమ్ములు

సంపద మాటల గురించి చెప్పకపోతే ఆ ఫార్వర్డ్ రాసినాయన నొచ్చుకుంటాడు. పాత తమిళంలో మాడు అంటే పశువూ, సంపదా కూడా. లాటిన్లో డబ్బుకున్న పేరు పశువు పేరులోంచే వచ్చింది. మనకు దారి తిరగబడింది. సొమ్ము అనే ఆస్తి మాటను ఉత్తరాంధ్రలో పశువులకు పెట్టుకున్నారు. హాస్టల్లో శ్రీకాకుళం వైపు కుర్రాడికి ఇంటినుంచి ఉత్తరం వచ్చింది, సొమ్ములు అమ్మి ఫీజు పంపుతున్నామని. మేమంతా వాళ్లమ్మ నగలనుకుని ఓదార్చబోయాం. "నగలెక్కడివిరా, ఎడ్లు" అన్నాడు. నగలు కాదని మేము తేలికపడ్డాం. వాడు పడలేదు. ఎడ్లు లేకపోతే దుక్కి లేదని మాకు తట్టలేదు.

పశువు సంపద అయినచోట పన్ను కూడా ఉంటుంది. గడ్డి మేసినందుకు కట్టే పన్ను పుల్లరి. పదమూడో శతాబ్దంలో నెల్లూరు సీమలో కాటమరాజు మందలకూ, ఆ సీమనేలిన సిద్ధిరాజుకూ మధ్య తగువు ఆ పుల్లరి మీదే మొదలై పంచలింగాల యుద్ధందాకా పోయిందని ఇవాళ్టికీ కథగా పాడతారు. 1922 ఫిబ్రవరిలో పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసిందీ పుల్లరే, అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు తెల్లదొరలు వేసింది. ఇన్ని ప్రాణాలు తీసుకున్న మాట ఆ కథల్లో, పాఠ్యపుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. టోల్‌గేటు దగ్గర, పార్కింగు దగ్గర ఎవరూ "ఇదేం పుల్లరయ్యా" అనరు. అనుంటే బాగుండేది.

పోయినవి, వస్తున్నవి

పాతవాళ్లు బాధపడేది పశువులు పోతే మాటలు పోతాయని. పగ్గాలూ గుదిబండా ఎక్కడికీ పోవు, వాటికి పశువు అక్కర్లేదు. పోయేది చేపు లాంటివి. పితకబోయేముందు దూడను వదులుతారు. అది పొదుగును తలతో కుమ్మి, నాలుగు చన్నులూ మార్చిమార్చి చీకుతుంది. తల్లి దాన్ని నాకుతుంది. కాసేపటికి చన్నులు నిండి బిగుస్తాయి, దూడ మూతి పక్కనుంచి నురగ కారుతుంది. అదీ చేపు. అప్పుడు దూడను లాగి తల్లి ముందుకాలి దగ్గర కట్టి, పొదుగు కడిగి, చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుంటారు. దూడ చస్తే దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్లు. తల్లి దాన్నే నాకి చేపేది. ఇప్పుడు చాలాచోట్ల ఆ బొమ్మ కూడా లేదు, ఆక్సిటోసిన్ సూది ఉంది. చేపును మనుషుల మీదికి మళ్లించి పెత్తనం చేయడానికి ఏమీ లేదు. తల్లి బిడ్డను చూసి పాలు వదలడం అది. అందుకే అది ఊళ్లోనే ఉండిపోయింది, ఊళ్లోనే పోతోంది.

కొత్తవి పుడుతున్నాయి కూడా. మా ఊళ్లో ఎప్పటినుంచో ఏఐ అంటే గోపాలమిత్ర (ఊళ్లలో పశువులకు ఈ పని చేసే మనిషి) వచ్చి ఎదకొచ్చిన గేదెకు సూది వేయడం, కృత్రిమ గర్భధారణ. టీవీలో "ఏఐ వస్తే ఉద్యోగాలు పోతాయి" అని చెప్తుంటే మా పెదనాన్న, "ఆంబోతుల ఉద్యోగాలు ఎప్పుడో పోయినాయిరా" అన్నాడు.

పాలకేంద్రం దగ్గర పొద్దున్నా సాయంత్రం వరసలో నిలబడేవాళ్లకు ఫ్యాట్, అంటే పాలలోని వెన్న శాతం, ప్రాణం. మిషన్లో చుక్క వేస్తే అంకె వస్తుంది, రేటు దాని మీదే. చిక్కగా కనిపించినంత మాత్రాన లాభం లేదు. పోయినసారి వెళ్లినప్పుడు ఆ వరసలో ఇద్దరు ఆడవాళ్లు కొత్తల్లుడి గురించి మాట్లాడుకుంటున్నారు. ఉద్యోగమట, కారట, మాట తీరట. ఒకావిడ అంతా విని, క్యాను భుజం మార్చుకుంటూ అంది: "మనిషి చిక్కంగానే ఉన్నాడే అక్కా, ఫ్యాటే రావట్లా."